సాఫ్ట్‌ఫోన్ సీపీయూని తినేస్తోందా? ముందు ఆ శాతం దేనిలో శాతమో చూద్దాం

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర డ్రిప్ సామాన్లు అమ్మే షాపు ఒకటుంది. మేడ మీద చిన్న గదిలో ముగ్గురు హెడ్‌సెట్లు పెట్టుకుని రైతుల ఫోన్లు తీసుకుంటుంటారు. మొన్న వేసవిలో అక్కడికి వెళ్తే వాళ్లలో ఒకడు స్క్రీన్ నావైపు తిప్పాడు. "చూడన్నా, ఈ ఫోన్ యాప్ తెరిస్తే చాలు, సీపీయూ ఇరవై ఐదుకి ఎక్కి కూర్చుంటాంది. కాల్ లేకపోయినా దిగదు. ఇంకో కంప్యూటర్ కొనాల్నా?"

ఈ ప్రశ్న ఈమధ్య చాలా చోట్ల వింటున్నాను. 2020 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ కాల్ సెంటర్ల నిబంధనలు సడలించాక, బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల కాల్స్‌ని కడపలోనో కర్నూలులోనో ఇంట్లో కూర్చుని తీసుకోవడం తేలికైంది. 2025 మే 5న స్కైప్ మూతపడింది, దాన్ని నమ్ముకున్నవాళ్లు వేరే యాప్‌లు వెతుక్కున్నారు. అదే ఏడాది అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగింది, చాలా ఆఫీసుల్లో కంప్యూటరో విండోసో ఏదో ఒకటి మారింది. మారిన ప్రతిచోటా ఎవరో ఒకరు, ఏ ప్రోగ్రామ్ సీపీయూని ఎంత వాడుతోందో చూపించే విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి, అందులో అంకె చూసి టెన్షన్ పడుతున్నారు. ఆ అంకె ఏం చెప్తుందో, ఏం చెప్పదో తెలిస్తే ఈ గొడవ సగం తగ్గుతుంది.

సాఫ్ట్‌ఫోన్ నిజంగా చేయాల్సిన పని ఎంత?

సాఫ్ట్‌ఫోన్ అంటే కంప్యూటర్లో నడిచే ఫోన్, అంతే. బల్ల మీద రిసీవర్ బదులు హెడ్‌సెట్, టెలిఫోన్ తీగ బదులు ఇంటర్నెట్. కాల్ కలపడం, రింగ్ అవడం, పెట్టేయడం లాంటి కబుర్లు ఎక్కువ సాఫ్ట్‌ఫోన్లలో సిప్ అనే పద్ధతిలో నడుస్తాయి, గొంతు మాత్రం ఆర్‌టీపీ అనే ఇంకో పద్ధతిలో వెళ్తుంది. గొంతుని కుదించి పంపి, అవతల విప్పే సూత్రాన్ని కోడెక్ అంటారు.

బాగా పాత కోడెక్ జీ.711. అది గొంతుని సెకనుకి 8,000 సార్లు కొలుస్తుంది, ఒక్కో కొలతకి ఒక బైట్. మామూలుగా 20 మిల్లీసెకన్లకి ఒక పొట్లం కడతారు కాబట్టి పొట్లానికి 160 బైట్లు, సెకనుకి 50 పొట్లాలు పోతాయి, ఇంకో 50 వస్తాయి. చిరునామా చీటీలకి పొట్లానికి మరో 40 బైట్లు కలిపినా ఒక్కో వైపు 80 కిలోబిట్లే. సెకనుకి వందల కోట్ల లెక్కలు చేసే ప్రాసెసర్‌కి, అదే సీపీయూకి, ఇది చెంచాడు పని. అంటే ఒట్టి ఆడియో కాల్‌కే సీపీయూ గట్టిగా పెరుగుతుంటే, గొంతు మోయడానికి కాదు, దాని చుట్టూ ఇంకేదో పనికి ఖర్చవుతోందన్నమాట.

పాతిక శాతం అంటే నలుగురిలో ఒకడు చెమటోడుస్తున్నట్టు

అనంతపురం గదిలో ఉన్నది నాలుగు లాజికల్ ప్రాసెసర్ల కంప్యూటర్, అంటే ఒకేసారి నాలుగు పనులు నడపగలదు. విత్తనపు బుడ్డలు ఒలవడానికి నలుగురు కూలీలు కూర్చున్నారనుకోండి. ముగ్గురు ఖాళీగా మాట్లాడుకుంటున్నారు, ఒక్కడు తల ఎత్తకుండా ఒలుస్తున్నాడు. మొత్తం బలగంలో ఎంత పనిలో ఉందంటే పాతిక శాతం. విండోస్ లెక్క ఇదే, అన్ని ప్రాసెసర్లూ కలిపి వంద.

అందుకే అక్కడ పాతిక దగ్గర అటూ ఇటూ కదలకుండా నిలబడ్డ అంకె చూడగానే నాకు అనుమానం వచ్చింది. ప్రోగ్రామ్‌లో ఒక దారం (థ్రెడ్, అంటే వరుసగా నడిచే ఒక పని) ఒకే ప్రాసెసర్‌ని పట్టుకుని వదలకుండా తిరుగుతోంది. అదే ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లుంటే అదే జబ్బు 12.5గా కనిపిస్తుంది, పదహారుంటే 6.25గా, అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు కూడా. కొత్త కంప్యూటర్ కొన్నాక సమస్య పోయిందనేవాళ్లలో కొందరికి పోయింది జబ్బు కాదు, అంకె మాత్రమే.

మ్యాక్‌లోనూ, లినక్స్‌లో టాప్ అనే పనిముట్టులోనూ లెక్క వేరు. అక్కడ ఒక్కో లాజికల్ ప్రాసెసర్ వంద, కాబట్టి అదే ప్రోగ్రామ్ అక్కడ 100 చూపిస్తుంది, రెండు ప్రాసెసర్లు వాడితే 200. ఇద్దరు స్నేహితులు వేర్వేరు కంప్యూటర్లలో అంకెలు పోల్చుకుని ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడం నేను చూశాను, ఇద్దరిదీ ఒకటే సమస్య.

విండోస్ మారగానే అంకె ఎందుకు మారింది?

కొంచెం చిక్కైన విషయం ఇది, కానీ ఈమధ్య గందరగోళంలో పెద్ద వాటా దీనిదే. సీపీయూ వాడకాన్ని రెండు రకాలుగా కొలవచ్చు. ఒకటి సమయం లెక్క, సెకనులో ఎంతసేపు పనిలో ఉంది అని. రెండోది పని లెక్క, అసలు వేగంతో పోలిస్తే ఎంత పని జరిగింది అని. ప్రాసెసర్ వేగం స్థిరంగా ఉంటే రెండూ ఒకటే. కానీ ఇప్పటి ప్రాసెసర్ల వేగం క్షణక్షణానికీ మారుతుంటుంది.

విండోస్ 8 నుంచి టాస్క్ మేనేజర్‌లోని ప్రాసెసెస్ పేజీ రెండో లెక్క చూపిస్తూ వచ్చింది, డీటెయిల్స్ పేజీ మొదటి లెక్క. 2025లో విండోస్ 11 అప్‌డేట్లతో మైక్రోసాఫ్ట్ అన్ని పేజీల్లోనూ సమయం లెక్కనే పెట్టడం మొదలుపెట్టింది, పాత లెక్క కావాలంటే డీటెయిల్స్ పేజీలో సీపీయూ యుటిలిటీ అనే వేరే వరుసగా తెచ్చుకోవచ్చు.

ఉదాహరణ చూద్దాం. అసలు వేగం 2.4 గిగాహెర్ట్జ్ ఉన్న ప్రాసెసర్ ఉత్సాహంగా 3.6కి ఎగిరింది, సాఫ్ట్‌ఫోన్ 20 శాతం సమయం వాడుకుంది. పాత లెక్కలో 20 ఇంటు 3.6 భాగారం 2.4, అంటే 30 కనిపిస్తుంది. కొత్త లెక్కలో 20. పని ఒకటే, ప్రోగ్రామ్ ఒకటే. కాబట్టి విండోస్ మార్చాక అంకె తగ్గిందని సంబరపడేవాళ్లూ, పెరిగిందని కొత్త విండోస్‌ని తిట్టేవాళ్లూ ముందు ఒక పేజీలో, ఒక లెక్కలో చూశామా అని సరిచూసుకోవాల్సి ఉంటుంది. పెరగడం ఎప్పుడు జరుగుతుందంటే వేగం పడిపోయినప్పుడు. దాని గురించి ఎండ దగ్గర చెప్తాను.

కాల్ లేకపోయినా పని చేస్తోందంటే

నా లెక్కలో అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న శాతం ఎంత అన్నది కాదు, ఎప్పుడు అన్నది. ఖాళీగా ఉన్నప్పుడా, రింగ్ అవుతున్నప్పుడా, మాట్లాడుతున్నప్పుడా? ఈ మూడింటికీ కారణాలు దాదాపు కలవవు.

ఖాళీగా ఉన్న సాఫ్ట్‌ఫోన్ చేయాల్సిందల్లా అప్పుడప్పుడు సర్వర్‌కి "నేనిక్కడే ఉన్నా" అని చెప్పడం. దాన్నే రిజిస్టర్ అవడం అంటారు, ఒకసారి చెప్తే గంట వరకు చెల్లేలా పెట్టుకోవడం మామూలు, మధ్యలో రౌటర్ దారి మూసేయకుండా అర నిమిషానికోసారి చిన్న పలకరింపు ఉంటుంది. దీనికి సీపీయూ సున్నా దగ్గరే ఉండాలి.

అనంతపురం గదిలో జరిగిందేంటంటే, షాపువాళ్లు ఏడాది కిందట ఫోన్ సర్వీసు మార్చారు, కొత్త అకౌంట్ పెట్టారు, పాతది తీసేయలేదు. పాత సర్వర్ పేరు ఇప్పుడు ఇంటర్నెట్‌లోనే లేదు. మంచి ప్రోగ్రామ్ అయితే ఒకసారి దొరక్కపోతే కాస్త ఆగి, ఇంకోసారి ఇంకాస్త ఎక్కువ ఆగి ప్రయత్నిస్తుంది. ఈ ప్రోగ్రామ్ ఆగకుండా అడుగుతూనే ఉంది, ఖాళీ చేసిన ఇంటి తలుపు కొడుతున్నట్టు. పాత అకౌంట్ తీసేశాం, పాతిక కాస్తా ఒకటి లోపుకి వచ్చింది. అరగంట వెతుకులాట, అర నిమిషం పని. టీ మాత్రం తాగించారు.

ఖాళీగా ఉన్నప్పుడు సీపీయూని తినే ఇంకో రెండు రకాలు చెప్పుకోవాలి. ఒకటి పేర్ల పుస్తకం. కొన్ని సాఫ్ట్‌ఫోన్లు అవుట్‌లుక్ నుంచో కంపెనీ డైరెక్టరీ నుంచో వేల కాంటాక్టులు తెచ్చుకుని, ప్రతి కొన్ని నిమిషాలకీ మొత్తం మళ్లీ సరిచూసుకుంటాయి. అప్పుడు గ్రాఫ్ చదునుగా ఉండదు, గడియారం పెట్టినట్టు సమానమైన దూరాల్లో గుట్టలు లేస్తుంది. రెండోది లాగ్. ఎప్పుడో సమస్య వచ్చినప్పుడు సర్వీసు వాళ్లు "డీబగ్ లాగ్ ఆన్ చేయండి" అంటారు, చేస్తాం, తర్వాత ఆఫ్ చేయాలని ఎవరికీ గుర్తుండదు. ప్రోగ్రామ్ ప్రతి చిన్న విషయాన్నీ ఫైల్‌లో రాసుకుంటూ పోతుంది, రాసినప్పుడల్లా యాంటీవైరస్ ఆ ఫైల్‌ని తడుముతుంది. ఇక్కడ గమ్మత్తేంటంటే టాస్క్ మేనేజర్‌లో దొంగగా కనపడేది యాంటీవైరస్, సాఫ్ట్‌ఫోన్ పక్కన అమాయకంగా ఉంటుంది.

ఒకే గొంతుని మూడుసార్లు వడపోస్తే

కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ దగ్గర ఆఫీసు. కింద రోడ్డు, పొద్దస్తమానం ఆటోల హారన్లు. ఇక్కడ ఖాళీగా ఉన్నప్పుడు ఏమీ లేదు, కాల్ ఎత్తగానే సీపీయూ లేస్తుంది, పెట్టేయగానే దిగుతుంది. కాబట్టి అకౌంట్లు, లాగులు, కాంటాక్టులు అన్నీ పక్కనపెట్టొచ్చు, గొంతు మీద జరిగే పనినే చూడాలి.

అందులో ఒకటి ఎకో తీసేయడం. స్పీకర్లోంచి వచ్చిన అవతలి వాళ్ల మాట మన మైక్‌లో పడి వాళ్లకే తిరిగి వినిపించకుండా, సాఫ్ట్‌వేర్ దాన్ని పసిగట్టి తీసేయాలి. అంటే ఇప్పుడు మైక్‌లో పడ్డ ప్రతి కొలతనీ కాసేపటి కిందట స్పీకర్‌కి పంపిన కొలతలతో పోల్చుకోవాలి. సెకనుకి 16,000 కొలతలు, 128 మిల్లీసెకన్ల వెనక్కి చూడాలనుకుందాం. వెనక ఉండే కొలతలు 2,048. నేరుగా చేస్తే సెకనుకి 16,000 ఇంటు 2,048, అంటే సుమారు 3.28 కోట్ల గుణకారాలు. ఇదే 48,000 కొలతల నాణ్యతలో చేస్తే వెనక ఉండేవి 6,144, గుణకారాలు 29.5 కోట్లు. నాణ్యత మూడు రెట్లు పెంచితే పని తొమ్మిది రెట్లయింది. నిజానికి ప్రోగ్రామ్‌లు ఇంత మొరటుగా చేయవు, గణితంలో అడ్డదారులున్నాయి, కానీ పని ఏ వైపు పెరుగుతుందో అర్థం కావడానికి ఈ లెక్క చాలు.

రెండోది చుట్టూ ఉన్న రొద తగ్గించడం. పాత పద్ధతులు తేలిక, ఫ్యాన్ లాంటి స్థిరమైన శబ్దాన్నే తీసేవి. ఇప్పుడు కృత్రిమ మేధ పేరుతో వచ్చే వడపోతలు హారన్నీ, పక్క బల్ల మాటల్నీ కూడా తీసేస్తాయి. అవి బాగా పనిచేస్తాయి, దానికి తగ్గట్టు సీపీయూని కూడా బాగానే తింటాయి.

కర్నూలు ఆఫీసులో ఈ వడపోత మూడు చోట్ల ఆన్‌లో ఉంది. హెడ్‌సెట్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఒకటి, విండోస్ ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్‌లో ఒకటి, సాఫ్ట్‌ఫోన్‌లో ఒకటి. విండోస్ చేసే ఆడియో పని సాఫ్ట్‌ఫోన్ పేరు మీద కనపడదు, విండోస్ ఆడియో డివైస్ గ్రాఫ్ ఐసోలేషన్ అనే వేరే పేరుతో ఉంటుంది. అందుకే సాఫ్ట్‌ఫోన్‌ని తీసేసి మళ్లీ వేసినా మార్పు రాలేదు. పైగా ఒకటి వడపోసిన గొంతుని ఇంకోటి మళ్లీ వడపోస్తే మాట చివర్లు తెగుతాయి. రెండు ఆపి ఒకటే ఉంచితే సీపీయూ దిగింది, గొంతు కూడా బాగుపడింది. మూడూ ఆపేస్తే ఇంకా దిగేదే, కానీ అవతలివాళ్లకి ఆటో హారన్ తప్ప ఏమీ వినపడదు.

తక్కువ డేటా వాడే కోడెక్ తేలికైనదా?

కాదు, చాలాసార్లు ఉల్టా. జీ.729 కేవలం 8 కిలోబిట్లలో గొంతుని ఇరికిస్తుంది, కానీ అలా ఇరికించడానికి చాలా లెక్క చేయాలి. జీ.711 చిరునామా చీటీలు కాకుండా 64 కిలోబిట్లు వాడుతుంది, లెక్క దాదాపు ఉండదు, పట్టికలో చూసి రాసినట్టు. నెట్ బలహీనంగా ఉండి కంప్యూటర్ బాగుంటే ఒక సమాధానం, నెట్ బాగుండి కంప్యూటర్ పాతదైతే ఇంకోటి. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్‌లో ఈ కష్టాన్ని ఎంత పడాలో ప్రోగ్రామ్ రాసేవాళ్లే మెట్లుగా ఎంచుకోవచ్చు. ఏమైనా, ఒక్క కాల్‌కి ఈ తేడా ఇప్పటి కంప్యూటర్లలో చిన్నదే. వీడియో ఆన్ చేస్తే మాత్రం కథ వేరు, దాని ముందు ఈ ఆడియో లెక్కలన్నీ చిల్లర.

హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్ చేయాలనేవాళ్లు, ఆఫ్ చేయాలనేవాళ్లు

హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అంటే తెర గీసే పనిని సీపీయూ బదులు గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించడం. ఈ ఒక్క స్విచ్ గురించి రెండు వర్గాలున్నాయి, రెండూ తమ అనుభవంతోనే మాట్లాడతాయి. ఇప్పుడొచ్చే చాలా సాఫ్ట్‌ఫోన్లు ఎలక్ట్రాన్ అనే చట్రం మీద కట్టినవి, అంటే లోపల ఒక పూర్తి క్రోమియం బ్రౌజర్ ఉంటుంది. తెర మీద కదిలే ప్రతిదాన్నీ, రింగ్ అవుతుంటే ఊగే బొమ్మనీ, గొంతు స్థాయి చూపించే పచ్చ గీతల్నీ, సెకనుకి పదుల సార్లు కొత్తగా గీయాలి. గ్రాఫిక్స్ చిప్ గీస్తే సీపీయూకి భారం తగ్గుతుంది. ఆన్ చేయాలనేవాళ్ల వాదన ఇదే, వీడియో కాల్స్‌లో ఇది మరీ నిజం.

ఆఫ్ చేయాలనేవాళ్లూ గాలి మాటలు చెప్పట్లేదు. గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే ఆ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, పాతదైనా, లోపం ఉన్నా, ఆ చిప్‌తో మాట్లాడటానికే సీపీయూ కష్టపడుతుంది. కాల్ లేకుండా రింగ్ బొమ్మ కనపడగానే సీపీయూ లేస్తే, యాప్ విండోని మినిమైజ్ చేయగానే తగ్గితే, గొంతుకి సంబంధం లేదు, గీయడంలోనే ఉంది తిరకాసు. ఎక్కువ కంప్యూటర్లలో ఆన్ గెలుస్తుందని నా అభిప్రాయం, కానీ పది మందికి పనిచేసిన చిట్కా పదకొండో వాడికి ఎదురు తిరిగే స్విచ్ ఇది.

ఎలక్ట్రాన్ మీద విసుక్కునేవాళ్లూ ఉన్నారు, ఒక్క ఫోన్ కోసం బ్రౌజర్ మొత్తం మోయాలా అని. న్యాయమే. కాకపోతే ఆ చట్రం వల్లే చిన్న కంపెనీలు విండోస్‌కి, మ్యాక్‌కి, లినక్స్‌కి ఒకేసారి యాప్ ఇవ్వగలుగుతున్నాయి.

కడప ఎండకీ ఈ అంకెకీ సంబంధం

కడపలో ఒకామె ఇంటి నుంచే కాల్స్ తీసుకుంటుంది. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం రెండు దాటాక గొంతు తెగుతుంది. "పొద్దున బుద్ధిగానే ఉంటాదన్నా, అన్నం తిన్నాక దీనికీ నిద్రొస్తాది" అని నవ్వింది. సాఫ్ట్‌ఫోన్ మారలేదు, సెట్టింగ్ మారలేదు, మారింది గది. మే నెల కడప ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, నలభై దాటిన ఎండలో పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్, ఫ్యాన్ రెక్కల్లో రెండేళ్ల దుమ్ము. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది.

2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 15 శాతం సమయం పట్టే పని, వేగం 0.8కి పడితే మూడు రెట్ల సమయం తీసుకుంటుంది, 45 శాతం. కొత్త టాస్క్ మేనేజర్‌లో అది 45గానే కనిపిస్తుంది. పాతదాంట్లో, పని లెక్క కాబట్టి, 15గానే ఉంటుంది. ఇంకా విడ్డూరం, అదే వేగంలో ప్రాసెసర్ ఊపిరాడకుండా పూర్తిగా నిండిపోయినా పాత లెక్కలో మొత్తం 33 దాటదు. "ముప్పై మూడే కదా, ఇంకా బోలెడు ఖాళీ ఉంది" అని సర్వీసు వాళ్లు ఫోన్‌లో చెప్తుంటారు, ఇక్కడ మౌస్ కదలదు. పెర్ఫార్మెన్స్ పేజీలో శాతం పక్కనే వేగం కూడా రాసి ఉంటుంది, నిజం చెప్పేది అదే.

కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడూ, ముఖ్యంగా బ్యాటరీ పొదుపు మోడ్‌లో, ఇలాగే వేగం తగ్గుతుంది. ఆమె విషయంలో దుమ్ము దులిపించి, పరుపు మీద నుంచి బల్ల మీదికి మార్చాక మధ్యాహ్నం కూడా వేగం రెండు దగ్గర నిలబడింది. అంతకుముందు రెండుసార్లు సాఫ్ట్‌ఫోన్ తీసేసి మళ్లీ వేయించారట.

సీపీయూ తక్కువే ఉంది, అయినా మాట తెగుతోంది

టాస్క్ మేనేజర్ చూపించేది సుమారు ఒక సెకను సగటు. గొంతుకి గడువు 20 మిల్లీసెకన్లు. ఏదో వైఫై డ్రైవర్ 60 మిల్లీసెకన్లపాటు ప్రాసెసర్‌ని ఎవరికీ ఇవ్వకుండా పట్టుకుందనుకోండి. ఆ ప్రాసెసర్ సెకను లెక్కలో అది 6 శాతం, కంటికే ఆనదు. కానీ మూడు పొట్లాలు ఆలస్యమయ్యాయి, చెవికి టక్‌మని వినపడింది. ఇలాంటివాటిని పట్టడానికి లేటెన్సీమాన్ లాంటి పనిముట్లున్నాయి, అవి ఏ డ్రైవర్ ఎంతసేపు పట్టుకుందో చెప్తాయి.

ఇక్కడే కొందరు సాఫ్ట్‌ఫోన్ ప్రయారిటీని, అంటే ప్రాసెసర్ దగ్గర దాని వంతుని, అన్నిటికంటే పైనుండే రియల్‌టైమ్‌కి మార్చేస్తారు. విండోస్ విస్టా నుంచే ఆడియోకి ముందు దారి ఇచ్చే ఏర్పాటు విండోస్‌లో ఉంది, సాఫ్ట్‌ఫోన్ దాన్ని అడిగి తీసుకోవచ్చు. రియల్‌టైమ్ అలా కాదు, మౌస్, కీబోర్డు, డిస్క్ పనుల్ని కూడా వెనక్కి నెట్టగలదు, పైగా డ్రైవర్ చేసే ఆలస్యం దాంతో తగ్గదు. విండోస్ 11లో ఎఫిషియెన్సీ మోడ్ అని దీనికి వ్యతిరేకమైనది ఉంది, చిన్న పచ్చ ఆకు గుర్తు. సాఫ్ట్‌ఫోన్ పక్కన ఆ ఆకు కనిపిస్తే సీపీయూ శాతం ఎంతున్నా మాట తెగొచ్చు.

తప్పు యాప్‌దా, కంప్యూటర్‌దా?

సర్వీసు వాళ్లు కంప్యూటర్ పాతదంటారు, కంప్యూటర్ షాపువాళ్లు యాప్ బాలేదంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది, ఇద్దరికీ తమ వైపు చూసుకోవడంలో కొంత బద్ధకమూ ఉంది. ఖాళీగా ఉండి ఒక ప్రాసెసర్‌ని నింపేయడం ఏ కంప్యూటర్‌లోనైనా యాప్ లోపమే, దానికి కొత్త డబ్బా కొనడం మందు కాదు. కాల్‌లో మాత్రమే నిండుతోంది, వడపోత ఒకటే ఉంది, వేగం పడిపోలేదు, వీడియో లేదు, అయినా నిండుతోంది అంటే అప్పుడు షాపువాడికీ ఒక మాట చెప్పే హక్కుంటుంది.

అనంతపురం గదిలోనే మూడో కంప్యూటర్ అలాంటిది. రెండు కోర్ల పాతది, నాలుగు జీబీ మెమరీ, బ్రౌజర్‌లో రైతుల వివరాల పేజీ, దాని పక్కన బిల్లింగ్, పైన సాఫ్ట్‌ఫోన్. పాత అకౌంట్ తీసేసినా అది ఊపిరి పీల్చుకోలేదు, ఎందుకంటే ఎక్కువ తింటున్నది బ్రౌజర్. వాళ్లు కంప్యూటర్ మార్చలేదు, సాఫ్ట్‌ఫోన్‌ని దాని మీద నుంచి తీసేసి ఆ అకౌంట్‌నే కంప్యూటర్ లేకుండా నేరుగా ఇంటర్నెట్ మీద నడిచే, బల్ల మీద పెట్టుకునే ఐపీ ఫోన్‌లో వేసుకున్నారు. కంప్యూటర్ ఇంకా బిల్లులు కొడుతూనే ఉంది.